సవతి తల్లి లేని కథలు

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, వాచ్‌మన్ గది పక్కన ఒక ఇనప బీరువా ఉంది. దాన్నే మేం లైబ్రరీ అంటాం. పిల్లలు పెద్దవాళ్లైపోయిన ఇళ్లలోంచి పుస్తకాలు అందులోకి వస్తుంటాయి. కావాల్సినవాళ్లు రిజిస్టర్‌లో రాసి పట్టుకెళ్తారు. కిందటి నెల నేను పెట్టిన పుస్తకం ఒకటి మూడు రోజులకే తిరిగొచ్చింది. బీరువాలోకి కాదు, మా గుమ్మంలోకి. నాలుగో అంతస్తు ఆవిడ బెల్ కొట్టి, పుస్తకం నా చేతిలో పెట్టి, "ఇది పూర్తిగా చదివే పెట్టారా అండీ?" అంది.

చదివే పెట్టానన్నాను.

"ఇందులో సొంత అక్కే తమ్ముడి ప్రాణాలు తీస్తుందండీ. మావాడికి తొమ్మిదేళ్లు, వాళ్లక్కకి పన్నెండు. ఇద్దరిదీ ఒకటే గది. రాత్రి వీడు లేచొచ్చి నా పక్కలో పడుకున్నాడు."

"చాలా మంచి పుస్తకమండీ అది" అన్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. కాఫీ తాగమంటే వద్దని వెళ్లిపోయింది. అప్పుడు నోటికి రానిది ఇప్పుడు రాస్తున్నాను.

పుస్తకం పేరు చార్మ్‌డ్ లైఫ్. డయానా విన్ జోన్స్ 1977లో రాసింది. మనవాళ్లలో చాలామందికి ఆవిడ జపాన్ దర్శకుడు మియజాకీ తీసిన హౌల్స్ మూవింగ్ క్యాజిల్ సినిమా ద్వారానే తెలుసు, ఆ సినిమాకి మూలం ఆవిడ నవలే అని కొందరికి తెలీదు కూడా. ఆక్స్‌ఫర్డ్‌లో నార్నియా కథల లూయిస్, లార్డ్ ఆఫ్ ది రింగ్స్ రాసిన టోల్కీన్‌ల పాఠాలు విన్న మనిషి. కానీ వాళ్లలా పెద్ద పెద్ద యుద్ధాల జోలికి ఎక్కువ పోలేదు. ఆవిడ మంత్రాలన్నీ వంటింట్లో, మెట్ల మీద, అక్కచెల్లెళ్ల పోట్లాటల మధ్య జరుగుతాయి.

అగ్గిపుల్లలు

క్యాట్ అనే కుర్రాడికి అక్క గ్వెండొలిన్ అంటే ఆరాధన. అమ్మానాన్నలు పడవ ప్రమాదంలో పోయారు. ఆ ప్రమాదంలో అక్కని గట్టిగా పట్టుకోబట్టే తను బతికానని వాడి నమ్మకం. అప్పట్నుంచీ పట్టుకునే ఉన్నాడు. అక్కకి బోలెడు మంత్రాలొచ్చు, తనకేమీ రావు, తనొక మందమతి. వాడి లోకం అంతే.

నిజం వేరు. వాడికి తొమ్మిది ప్రాణాలు. వాడికున్నంత శక్తి ఆ దేశంలో ఒకరిద్దరికి తప్ప లేదు. అక్క చూపించే మంత్రాలన్నీ వాడి శక్తితో చేసినవే. వాడి ప్రాణాల్ని అక్క ఒక అగ్గిపుల్లల అట్టలో పెట్టింది. మన అగ్గిపెట్టె కాదు, పెద్ద హోటళ్లలో ఇచ్చేవాళ్లే, పుల్లలన్నీ ఒక అట్టకి అతికించి ఉండేది, అది. అవసరం పడ్డప్పుడల్లా ఒకటి వాడుకుంది. అట్ట బయటపడేసరికి కొన్ని పుల్లలు అప్పటికే కాలిపోయి ఉంటాయి.

మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉంటుందని మనం చిన్నప్పుడు విన్నాం. అక్కడ మాంత్రికుడు దాచుకున్నది తన ప్రాణం. ఇక్కడ అక్క దాచింది తమ్ముడి ప్రాణం, అది కూడా దాచడానికి కాదు, ఖర్చు పెట్టడానికి. నాకు ఒళ్లు జలదరించింది మంత్రానికి కాదు, ఆ ఖర్చు చేసిన తీరుకి. గ్వెండొలిన్‌కి తమ్ముడి మీద కోపం లేదు, పగ లేదు. తమ్ముడు వయొలిన్ ప్రాక్టీసు చేస్తుంటే చెవులు చిల్లులు పడుతున్నాయని ఆ వయొలిన్‌ని పిల్లిని చేసేస్తుంది. అదీ వాడి ప్రాణాల్లో ఒకటి పెట్టే. వాడున్నది అందుకే అన్నట్టు, ఇంట్లో డబ్బాలో పంచదార తీసుకున్నట్టు తీసుకుంటుంది.

ఈ పుస్తకం మా అమ్మాయికి చదివి వినిపించినప్పుడు సగంలో ఆపి ఒకటే ప్రశ్న. "సొంత అక్కేనా?" అవును. "నిజంగా సొంత అక్కా? తర్వాత కాదని తెలుస్తుందా?" తెలీదు, సొంతక్కే. కాసేపు దుప్పటి అంచు నములుతూ కూర్చుని, "అయితే వాడికెప్పుడు తెలుస్తుంది?" అంది. కథంతా ఆ ప్రశ్న మీదే నడుస్తుంది. అక్క చెడ్డదని పాఠకుడికి ఇరవై పేజీల్లో తెలిసిపోతుంది, వాడికి మాత్రం చివరిదాకా తెలీదు. తెలీకపోవడం కాదు, ఒప్పుకోడు. మా అమ్మాయి పుస్తకంలోని వాణ్ణి తిట్టింది కూడా, "ఒరేయ్ చూడరా!" అని.

మేనమామ తెచ్చే మిఠాయి

1988లో వచ్చిన ది లైవ్స్ ఆఫ్ క్రిస్టఫర్ చాంట్ ఇంకా నయవంచన కథ. క్రిస్టఫర్ అమ్మా నాన్నా ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడుకోరు. వాణ్ణి పట్టించుకునే పెద్దమనిషి ఒక్కడే, మేనమామ రాల్ఫ్. సరదా మనిషి. వస్తే చేతిలో చిల్లర పెడతాడు, కబుర్లు చెబుతాడు. క్రిస్టఫర్‌కి నిద్రలో వేరే లోకాలకి వెళ్లొచ్చే విద్య ఉందని తెలుసుకుని, "మనమొక ప్రయోగం చేద్దామా" అని వాడి చేత అక్కణ్నుంచి మూటలు తెప్పిస్తుంటాడు. కొన్ని మూటలు చేపల కంపు కొడతాయి. క్రిస్టఫర్ చిన్నప్పట్నుంచీ ఆ లోకాల్లో రాళ్ల మీద కూర్చుని కిలకిలా నవ్వే మత్స్యకన్యల్ని చూస్తున్నాడు, వాళ్లకి తనే ఒక ముద్దుపేరు కూడా పెట్టుకున్నాడు. ఆ మూటల్లో తను మోసింది వాళ్లనే అని, ముక్కలు చేసిన వాళ్లనే అని, వాడికి చాలా ఆలస్యంగా తెలుస్తుంది. ఆ ప్రయోగాల్లో వాడి ప్రాణాలూ ఒక్కొక్కటే పోతుంటాయి.

నాలుగో అంతస్తు ఆవిడకి నేనడగాల్సిన ప్రశ్న ఇక్కడుంది. మన పిల్లలకి మేనమామ కథలు చెప్పమా? చెల్లెలి బిడ్డల్ని పుట్టినవాణ్ణి పుట్టినట్టు చంపిన కంసుడి కథ అన్నం ముద్దలతో పాటే తినిపిస్తాం. శకుని సంగతి సరేసరి. ఏ పిల్లాడూ కంసుడి కథ విని లేచొచ్చి అమ్మ పక్కలో పడుకోడు. ఎందుకంటే కంసుడికి మీసాలుంటాయి, గద ఉంటుంది, వికటంగా నవ్వుతాడు. మా మావయ్య అలా ఉండడుగా అని పిల్లాడికి ధైర్యం. రాల్ఫ్ అచ్చం మావయ్యలాగే ఉంటాడు. భయం పుట్టేది అక్కడే.

కుంతి మాటేమిటి, సొంత తల్లే కదా బిడ్డని పెట్టెలో పెట్టి నీళ్లలో వదిలింది అని ఎవరైనా అనొచ్చు. నేనూ అనుకున్నాను. అయితే కుంతి కథ మనం కర్ణుడి వైపునుంచి ఎంత చెప్పినా కుంతికి ఒక సంజాయిషీ ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతాం. చిన్నపిల్ల, తెలీక మంత్రం చదివింది, లోకానికి భయపడింది. జోన్స్ తల్లులకి ఆ వెసులుబాటు లేదు. వాళ్లు దుర్మార్గులు కారు, వాళ్లకి పనులున్నాయి, అంతే.

థాక్స్‌టెడ్‌లో ముగ్గురక్కచెల్లెళ్లు

ఎక్కణ్నుంచి వచ్చింది ఈవిడకిదంతా అంటే, ఎక్కువ దూరం వెళ్లక్కర్లేదు. 1934లో పుట్టింది, అయిదేళ్లకి యుద్ధం. లండన్ నుంచి వేల్స్‌కి, అక్కణ్నుంచి ఇంగ్లండ్ ఉత్తరాన సరస్సుల ప్రాంతం లేక్ డిస్ట్రిక్ట్‌కి పిల్లల్ని తరలించారు. అక్కడ ఉన్న ఇంటి అటకమీద పాత పూల బొమ్మల కాగితాల కట్ట దొరికింది. యుద్ధకాలం, కాగితానికి కరువు. బొమ్మలు గీసుకుందామని రబ్బరుతో ఆ పూలన్నీ చెరిపేసింది. దెబ్బలు పడ్డాక తెలిసింది, అవి పంతొమ్మిదో శతాబ్దపు పేరున్న కళావిమర్శకుడు జాన్ రస్కిన్ గీసినవని. సరస్సు ఒడ్డున పిల్లలు ఆడుకుంటుంటే, గోల చేస్తున్నారని పడవలోంచి దిగొచ్చి ఫిర్యాదు చేసిన పెద్దమనిషి ఆర్థర్ రాన్సమ్. పిల్లలు సరస్సుల్లో పడవలేసుకుని తిరిగే కథలు రాసి పేరు తెచ్చుకున్నది ఆయనే. గేటు పట్టుకుని ఊగుతున్నందుకు చెల్లెల్ని కొట్టిన ముసలావిడ, పీటర్ రాబిట్ అనే కుందేలు కథలు రాసిన బియాట్రిక్స్ పాటర్. పిల్లల పుస్తకాలు రాసేవాళ్లకి పిల్లలంటే పడదని ఆ వయసులోనే తేలిపోయిందన్నమాట.

1943లో కుటుంబం ఎసెక్స్‌లోని థాక్స్‌టెడ్‌కి చేరింది. తల్లిదండ్రులు అక్కడ పెద్దవాళ్ల కోసం ఒక విద్యాకేంద్రం నడిపేవారు. వచ్చేపోయే అతిథులు పెద్ద ఇంట్లో, ముగ్గురాడపిల్లలు పెరడుకి అవతల చెమ్మ పట్టిన షెడ్డులాంటి ఇంట్లో. తండ్రి పరమ పిసినారి. పిల్లలకి పుస్తకాలు కావాలంటే రాన్సమ్ పుస్తకాల సెట్టు కొని, ఎత్తున అల్మరాలో పెట్టి తాళం వేశాడు. ఏడాదికి ఒక్కటి బయటికి తీసేవాడు, ముగ్గురికీ కలిపి. మన ఇళ్లలో గాజు తలుపుల అల్మరాలో పింగాణీ కప్పులు చుట్టాలొస్తే తప్ప బయటికి రావు చూడండి, అలా. చదవడానికేమీ లేక పెద్దపిల్ల డయానా నోటు పుస్తకాల్లో కథలు రాసి రాత్రిళ్లు చెల్లెళ్లకి చదివి వినిపించడం మొదలుపెట్టింది.

1981లో వచ్చిన ది టైమ్ ఆఫ్ ది ఘోస్ట్‌లో ఈ ఇల్లు దాదాపుగా అలాగే కనిపిస్తుంది. బోర్డింగ్ స్కూలు నడుపుతూ సొంతపిల్లల్ని మర్చిపోయిన తల్లిదండ్రులు. నలుగురక్కచెల్లెళ్లు. కడగొట్టుపిల్ల జుట్టు కళ్లలో పడుతోందని ముందు రెండు ముళ్లు వేసుకుంటుంది, తల్లికి కనపడదు. ఆ ముళ్లు కల్పన కాదు, థాక్స్‌టెడ్‌లో చెల్లెలి నెత్తిమీద నెలల తరబడి ఉన్నవే. ఇక నవల్లో పిల్లలు ఒక పరీక్ష పెడతారు. ఒకమ్మాయి మాయమైపోవాలి, అమ్మానాన్నలు గమనిస్తారో లేదో చూడాలి. గమనించరు. నేను ఈ పుస్తకం రెండోసారి చదవలేదు. చదవలేను.

సవతి అనే గొళ్లెం

మన కథల్లో, వాళ్ల కథల్లో కూడా, పిల్లల్ని బాధపెట్టే ఆడమనిషి సవతి తల్లే. ధ్రువుణ్ణి తండ్రి ఒళ్లోంచి దింపేసింది సురుచి, సునీతి కాదు. జర్మనీలో గ్రిమ్ అన్నదమ్ములు 1812లో అచ్చువేసిన కథలో స్నోవైట్‌ని చంపించబోయింది కన్నతల్లి. 1819 నాటికి ఆవిణ్ణి సవతి తల్లిగా మార్చేశారు. హాన్సెల్, గ్రెటెల్ తల్లికి కూడా 1840 వచ్చేసరికి అదే గతి పట్టింది. కన్నతల్లి అలా చేస్తుందని పిల్లలకి చెప్పడం ఇష్టంలేక వేసిన గొళ్లెం అది. సవతి అన్న ఒక్కమాట తగిలిస్తే అందరూ హాయిగా నిద్రపోతారు. సవతి తల్లి నిజంగా ఉన్న ఇళ్లలో పిల్లలు, ఆ సవతి తల్లులు తప్ప.

జోన్స్ ఆ గొళ్లెం తీసేసింది. తీయడమే కాదు, తిప్పి పెట్టింది. ఇది నేను ఆవిడ పుస్తకాలు వరసగా చదువుతుంటే మెల్లిగా తట్టింది. ది ఓగర్ డౌన్‌స్టేర్స్ 1974 నాటిది. అందులో పిల్లలు మారుతండ్రిని రాక్షసుడనే పిలుస్తారు. కథ ముందుకెళ్లేకొద్దీ ఆయనా మామూలు మనిషే, కోపిష్ఠి అయినా సర్దుకుపోవచ్చు అని తేలుతుంది. 1986లో వచ్చిన హౌల్స్ మూవింగ్ క్యాజిల్ చూడండి. సోఫీకి ఫ్యానీ సవతి తల్లి. జీతం బత్తెం లేకుండా నీచేత టోపీలు కుట్టిస్తోంది, నిన్ను వాడుకుంటోంది అని చెల్లెలు మార్తా నూరిపోస్తుంది. మార్తా ఎవరు? ఫ్యానీ కడుపున పుట్టిన పిల్ల! సోఫీ నమ్మేస్తుంది, మనమూ నమ్మేస్తాం, సవతి తల్లి కదా. చివర్లో ఫ్యానీ వచ్చి, తొంభై ఏళ్ల ముసలిదైపోయిన సోఫీని గుర్తుపట్టి కావలించుకుని ఏడుస్తుంది. సోఫీతోపాటు మనమూ తల దించుకోవాలి.

అదే ఫైర్ అండ్ హెమ్లాక్‌లో పాలీకి ఇద్దరూ కన్నవాళ్లే. విడిపోయారు. తల్లి భరించలేక బ్రిస్టల్‌లో ఉన్న తండ్రి దగ్గరికి పంపేస్తుంది. తండ్రేమో పాలీ ఉండటానికి వస్తోందన్న సంగతి తనతో ఉంటున్న ఆవిడకి చెప్పనే లేదు. చెప్పే ధైర్యం లేదు. ఎవరికీ తను అక్కర్లేదని పాలీకి అర్థమై, నేను వెళ్లిపోతున్నాను అని తనే అంటుంది. తండ్రి హాయిగా ఊపిరి పీల్చుకుని స్టేషన్‌లో దింపేస్తాడు. టికెట్‌కి డబ్బులున్నాయా అని అడగడు. అందులో దయ్యాల రాణి ఉంది, శాపాలున్నాయి, పాత స్కాట్లండ్ గాథ ఉంది. నాకు గుర్తుండిపోయింది ఆ టికెట్ డబ్బులే.

అంటే పరాయివాళ్లని క్షమించవచ్చు, సొంతవాళ్లని నిలదీయాలి. పిల్లల సాహిత్యంలో దీనంత నిజాయితీ నేనెక్కడా చూడలేదు. నూటికి తొంభైమంది పిల్లలకి దెబ్బ తగిలేది మంత్రగత్తె వల్ల కాదు కదా. ఈ తొంభై నేను అంచనాగా అంటున్నదే, లెక్క కాదు. మీ ఇంటినీ మా ఇంటినీ లెక్కేసుకుని అన్నాను.

మరి ఆ తొమ్మిదేళ్లవాడు?

ఇంత రాశాక కూడా ఆ పిల్లాడు కళ్లముందునుంచి పోవడం లేదు. వాడికి ఆ రాత్రి భయమేసింది. వాళ్లక్క పాపం పక్క మంచం మీద నిద్రపోతోంది, తనకేమీ తెలీదు. బాగున్న ఇంట్లో అనుమానం పెట్టానా నేను?

కొంతవరకు పెట్టాను. ఒప్పుకుంటున్నాను. జోన్స్ నమ్మకమేమిటంటే పిల్లలు అర్థంచేసుకోవడానికి కష్టపడటం అలవాటైనవాళ్లు, విడమర్చి చెప్పాల్సిందల్లా పెద్దవాళ్లకే. నేనీ మాటని చాలా ఏళ్లు పట్టుకు తిరిగాను. ఇప్పుడు పూర్తిగా నమ్మబుద్ధి కావడం లేదు. పన్నెండేళ్లకి అర్థమయ్యేది తొమ్మిదేళ్లకి ఒంటరిగా చదువుకుంటే బరువే. మా అమ్మాయి పక్కన నేనున్నాను, పేజీ ఆపమంటే ఆపాను.

ఇంకో సంగతి కూడా. ఆవిడ పుస్తకాలు ఒకదాని వెనక ఒకటి నాలుగు చదివితే, "ఇంకో పట్టించుకోని తల్లా" అని విసుగొస్తుంది. తండ్రులు అసమర్థులుగా తప్పించుకుంటారు, తల్లుల మీద మాత్రం కత్తి పదునెక్కువ. ఇది పాత లెక్కలు తేల్చుకోవడమే అని ఎవరైనా అంటే నేను వాదించను. తను తల్లి అయ్యాక, ముగ్గురు కొడుకుల్ని పెంచుతూ ఈ పుస్తకాలు రాసింది. పనుల్లో పడి పిల్లల్ని మర్చిపోయే తల్లిని అంత దగ్గరగా రాసేటప్పుడు తన బల్ల దగ్గర తను ఎలా కూర్చుందో అనిపిస్తుంది నాకు.

అయినా ఆ పిల్లాడు లేచి ఎక్కడికి వెళ్లాడు? అమ్మ పక్కలోకి. వాడికి వెళ్లడానికి ఒక పక్క ఉంది. అలా లేని పిల్లలు కూడా మా బీరువాలోంచి పుస్తకాలు తీసుకుంటారు. వాళ్లెవరో రిజిస్టర్ చూస్తే తెలీదు. అందుకే పుస్తకాన్ని మళ్లీ బీరువాలోనే పెట్టాను, కాకపోతే పై అరలో. పన్నెండేళ్ల చెయ్యి అందేంత ఎత్తులో.

బోటనీ రికార్డు

ఇదంతా రాయడానికి నాకున్న అర్హత ఏమిటంటే, చెప్పక తప్పదు, గ్వెండొలిన్ నేనే.

ఇంటర్‌లో నాది బైపీసీ. బోటనీ రికార్డంతా బొమ్మలే, నాకు గీత తిన్నగా రాదు. మా తమ్ముడు తొమ్మిదో తరగతి, వాడి చేతిలో ఏముందో గానీ పెన్సిల్ పెడితే ఆకుకి ఈనెలు మొలిచేవి. ఆ ఏడాది రికార్డు మొత్తం వాడే వేశాడు. వాడి క్వార్టర్లీ పరీక్షలు నడుస్తున్న వారంలో, నేను రేపే సబ్‌మిట్ చెయ్యాలంటే, రాత్రి ఒంటిగంట దాకా వరండాలో లైటు కింద బోర్లా పడుకుని హెచ్‌బీ పెన్సిల్ చెక్కుకుంటూ వేశాడు. నేను పక్కనే కూర్చుని "ఆ కేసరాలు సరిగా వెయ్యరా" అన్నాను. మర్నాడు వాడికి లెక్కల పరీక్ష. పేపర్లిచ్చాక నాన్న వాణ్ణి బెల్టుతో కొట్టాడు. నేను లోపల గదిలో ఉన్నాను. బయటికి రాలేదు. ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ మంచి కారణమేదీ దొరకలేదు. వాడి మీద నాకు కోపం లేదు. వాడున్నదే నాకు బొమ్మలు వెయ్యడానికన్నట్టు ఉండేదాన్ని, అంతే.

చార్మ్‌డ్ లైఫ్ మా అమ్మాయికి చదువుతుంటే అగ్గిపుల్లల అట్ట దగ్గర నా గొంతు పట్టేసింది. దగ్గొచ్చిందనుకుంది అది.

పుస్తకం తిరిగొచ్చిన ఆదివారం వాడికి ఫోన్ చేశాను. ఇప్పుడు పుణేలో ఉంటున్నాడు. అదీ ఇదీ మాట్లాడి, చివరికి ఆ రాత్రి సంగతి ఎత్తాను. నాన్న కొట్టినప్పుడు నేను బయటికొచ్చి చెప్పాల్సింది కదరా అన్నాను.

"నాన్న కొట్టింది దానిక్కాదక్కా. రిపోర్టు కార్డు మీద నేనే సంతకం పెట్టేశాను, అందుకు."

కాదు. నాకు బాగా గుర్తుంది, లెక్కల మార్కులకే. వాడు ఒప్పుకోలేదు. వాదించి లాభం లేదని ఊరుకున్నాను.

"అది సరేగానీ, మందార పువ్వు నిలువుకోత బొమ్మకి నీకు ఫుల్ మార్కులొచ్చాయి, మీ మేడమ్ క్లాసంతా చూపించారట. నువ్వే వచ్చి చెప్పావు. గుర్తుందా?" అన్నాడు.

నాకు గుర్తులేదు.

"ఆ పుప్పొడి చుక్కలు పెట్టడానికే గంట పట్టింది" అన్నాడు వాడు, నవ్వుతూ.